పాతవి పోవు కదా

జూన్ 3, మంగళవారం

ఈ డైరీ ఛార్జర్ల కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఉచితంగా ఇచ్చింది. ఏ ఏటిదో, వారాలు కలవడం లేదు. కొట్టేసి పైన రాసుకుంటున్నాను. నాకు డైరీ రాసే అలవాటు ఎన్నడూ లేదు. మనసులో మాట ఎవరికైనా చెప్పుకుందామంటే నా గొంతు సంగతి నాకు తెలుసు. మా ఫోన్ రిపేరు కొట్ల వరుసలో నన్ను మైకు అంటారు. నాలో నేను గొణుక్కున్నా పక్కింటివాళ్ళు తలుపు తీసి ఏమైందని అడుగుతారు. రాస్తే ఆ బాధ లేదు.

విషయం ఏమిటంటే, మా ఆవిడ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచీ విడవకముందే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటోంది. కూర తరుగుతూ వింటుంది, బట్టలు మడతపెడుతూ వింటుంది. పాటలైతే నాకెందుకు? పాటలు కావు. ఈ రోజు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూశాను. మధ్య మధ్యలో డిపోకి ఫోన్ చేసేవాళ్ళ నంబర్లేవో ఉన్నాయి గానీ, మిగతాదంతా వరసగా ఒకటే పేరు. స్టోర్స్‌గారు, స్టోర్స్‌గారు, స్టోర్స్‌గారు. ఆయనతో మాట్లాడిన కాల్స్ అన్నీ రికార్డు చేసుకుని, ఇంటికి మోసుకొచ్చి, మళ్ళీ మళ్ళీ వింటోంది.

మా ఆవిడ బండ్ల స్పేర్‌పార్టుల డిపోలో ఆర్డర్ల సీట్లో ఉంటుంది. మెకానిక్కులూ కొట్లవాళ్ళూ ఫోన్ చేసి కావలసింది చెబితే రాసుకుని పంపించే పని. ఈ స్టోర్స్‌గారు ఊరి చివర గోడౌన్లో సరుకు చూసుకునే ఆయన. ఏది వచ్చింది, ఏది అయిపోయింది, దేని ధర మారింది, రోజూ ఆయనే ఫోన్ చేసి చెప్పాలి. సరే, ఉద్యోగమన్నాక మాట్లాడాలి, కాదనను. కానీ పని మాటలు ఇంటికి తెచ్చుకుని కళ్ళు మూసుకుని వినేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

ఇంకొకటి కూడా ఉంది. డిపోలో మగవాళ్ళందరినీ ఆవిడ అన్నయ్యా అంటుంది. డ్రైవరు అన్నయ్య, గేటు దగ్గర అన్నయ్య, చివరికి ఏడాదికోసారి ఎలకల మందు పెట్టడానికి వచ్చేవాడు కూడా అన్నయ్యే. ఈయనొక్కడే గారు. ఏం, ఈయనకి అన్నయ్య కావడానికి ఏం వచ్చింది?

జూన్ 4, బుధవారం

నావి ఒక్కటి కూడా లేవు. రోజూ మధ్యాహ్నం తిన్నావా అని ఫోన్ చేస్తాను. పై నుంచి కిందదాకా వెతికాను, ఒక్కటంటే ఒక్కటి లేదు.

జూన్ 6, శుక్రవారం

ఈ రోజు పట్టుకున్నాను.

వంటింట్లో స్టవ్ మీద పాలు పెట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకుని నిలబడింది. పాలు పొంగుతున్నాయి, ఆవిడకి ఈ లోకం పట్టలేదు. నేను వెళ్ళి స్టవ్ కట్టేసి, సరసంగా అన్నట్టు ఆ ఇయర్‌ఫోన్ లాక్కుని నా చెవిలో పెట్టుకున్నాను. నవ్వుతూనే పెట్టుకున్నాను. మెత్తని గొంతు. మగవాడి గొంతు అంత మెత్తగా ఉండటం నేను వినలేదు. పక్కన పడుకున్న పసిపాప లేస్తుందేమో అన్నట్టు మాట్లాడుతున్నాడు. "ఎవరికీ చెప్పనులెండి. మన మధ్యే ఉంటుంది" అన్నాడు.

అంతవరకే విన్నాను. మా ఆవిడ లాగేసుకుంది. ఏమిటది అన్నాను. ధరలు మారబోతున్నాయి, బయటికి తెలియకూడదు, అదే, అంది. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ ముక్కు కొస ఎర్రబడుతుంది. ఎర్రబడింది.

ధరలట, నా బొంద.

జూన్ 8, ఆదివారం

సెలవు. ఇంట్లోనే ఉంది కదా అని నేనూ కొట్టుకి వెళ్ళలేదు. నాలుగు మాటలు మాట్లాడుకుందామనుకున్నాను.

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను, మామూలుగానే. పలకలేదు. గట్టిగా పిలిస్తే అప్పుడు ఉలిక్కిపడి తిరిగి, ఎందుకండీ అలా అరుస్తారు అంది. పిలిస్తే పలకనిది తను, అరిచానని పేరు నాకు. మనసు ఇక్కడుంటే కదా పలకడానికి.

సాయంత్రం కూరగాయలకి ఇద్దరం నడిచి వెళ్ళాం. నేను ఈ పక్కకి వస్తే తను ఆ పక్కకి మారుతుంది. నేను ఆ పక్కకి వెళితే తను ఇంకా అవతలికి జరుగుతుంది. చివరికి నాకు విసుగొచ్చి ముందు నడిచాను. మనిషి పక్కన నడవడం కూడా కష్టమైపోయిందంటే ఇంకేం మిగిలింది?

టమాటాలు తనే ఏరింది. బాగా ఏరుతుంది. అది ఒప్పుకోవాలి.

జూన్ 10, మంగళవారం

నెట్‌వర్క్ కంపెనీ వాళ్ళు అప్‌డేట్ పంపారు. ఆవిడ ఫోన్ వాళ్ళ ప్లాన్ మీద సిమ్ముతో కలిపి తీసుకున్నది. ఫోన్ మనది, పెత్తనం వాళ్ళది. పొద్దున లేచేసరికి దానంతట అదే ఎక్కి కూర్చుంది. తెరవగానే వాళ్ళ బొమ్మ, అడగని యాప్‌లు నాలుగు. అవి ఎలా పోయినా, కాల్ రికార్డింగ్ యాప్ పని చెయ్యడం మానేసింది. నొక్కితే తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది. కొత్తవి రికార్డు కావు, పాతవి వినడానికి లేదు.

నాకు కడుపు చల్లబడింది. ఎవరో పుణ్యాత్ముడు ఆఫీసులో కూర్చుని నా తరపున ఒక మీట నొక్కాడు.

కానీ ఆవిడ మొహం చూడాలి. నెత్తురు చుక్క లేదు. టిఫిన్ సగంలో వదిలేసి ఆ ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. కిందటేడు నా కాలికి ప్లాస్టరు వేసినప్పుడు కూడా అలా కూర్చోలేదు.

కొట్టు తెరిచేసరికి అదే మోడల్ ఫోన్లు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. నా పక్క కౌంటరులో పగిలిన అద్దాలు మార్చే గ్లాసాయన, అన్నా ఈ వారం నీదే అన్నాడు.

జూన్ 11, బుధవారం

తనే అడిగింది. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, నా మొహం వంకే చూస్తూ అడిగింది. ఈ మధ్య మాట్లాడేటప్పుడు నా మొహం వంక తెగ చూస్తోంది. అబద్ధం కనిపెట్టేవాళ్ళు అలా చూస్తారు.

డిపోలో ఎవరో చెప్పారట, ఫోన్ రూట్ చేస్తే రికార్డింగ్ మళ్ళీ వస్తుందని. ఎవరు చెప్పారో నేను అడగలేదు, తను చెప్పలేదు. మీరు చెయ్యగలరు కదా అంది. చెయ్యగలనా అని అడుగుతుందేమిటి? ఈ వరుసలో సగం మందికి రూట్ అంటే ఏమిటో నేర్పింది నేను. రూట్ అంటే ఏముంది, ఫోన్‌కి కంపెనీవాడు వేసిన తాళం ఊడదీసి ఇంటి పెత్తనం మనం తీసుకోవడం. అప్‌డేట్ వచ్చాక పాత పద్ధతి పని చెయ్యదు, కొంచెం తిప్పలు పడాలి, అంతే. అదే చెప్పాను.

"పాతవి పోవు కదా?" అని అడిగింది.

పోవు అన్నాను.

అడిగిన తీరు అలాంటిది. నా భార్య ఇంకొకడి గొంతు పోతుందేమోనని నన్నే బతిమాలుతోంది. పోవు అన్నాను. పోకుండా చేసే దారి ఏదో ఉంటుంది, చూడాలి.

జూన్ 12, గురువారం

గ్లాసాయన పని లేనప్పుడు నా పని చూస్తాడు. ఈ ఫోన్ ఎవరిది అన్నా అని అడిగాడు. మా ఆవిడది అన్నాను. తాళం తీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది, చెప్పావా అన్నాడు. నాకు తెలియదా, నువ్వు చెప్పాలా అన్నాను. అద్దాలు అంటించుకునేవాడు నాకు పాఠం చెబుతున్నాడు.

ఆయన ఊరుకోలేదు. ఆ రికార్డింగులు యాప్ కడుపులో ఉంటాయి, మామూలుగా బయటికి తియ్యడానికి రావు. యాప్ వాళ్ళు ఈ అప్‌డేట్‌కి సరిపోయే కొత్త వెర్షన్ ఇస్తామని వాళ్ళ పేజీలో పెట్టారట. అది వచ్చేదాకా ఆగితే పాతవి తెరుచుకుంటాయి, వాటిని వేరే చోటికి కాపీ చేసుకుని, అప్పుడు తాళం తియ్యి అన్నాడు. ఎప్పుడిస్తారు అన్నాను. వారమో పది రోజులో అన్నాడు.

సరే, ఆగుదాం. తొందరేముంది. ఆవిడ పాత చిన్న ఫోన్ వాడుకుంటోంది.

జూన్ 13, శుక్రవారం

ఆగేది లేదు.

సాయంత్రం డిపో దగ్గరికి వెళ్ళాను. ఇంటికి కలిసి వద్దామని వెళ్ళాను, నిఘా పెట్టడానికి కాదు. గేటు లోపల, గోడౌన్ నుంచి వచ్చిన వ్యాను పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆయనే. చూడగానే తెలిసింది. నా వయసే, జుట్టు మాత్రం నల్లగా ఉంది, రంగేమో. నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. గోడౌన్లో పని చేసేవాడికి ఇస్త్రీ ఎందుకు? ఆయన వంగి మా ఆవిడ చెవి దగ్గరగా నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. ఎడమ చెవి. ఆవిడ తల వంచి వింటోంది, తల ఊపుతోంది. విన్నాక నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నాళ్ళయిందో.

నా ఒళ్ళు భగ్గుమంది. వాళ్ళు చూడకముందే వచ్చేశాను. ఎలా వచ్చానో, ఏ వీధుల మీదుగా వచ్చానో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక ఫోన్ ఎంతవరకొచ్చింది అని అడిగింది. రేపు ఇస్తాను అన్నాను.

జూన్ 14, శనివారం

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే కొట్టులో కూర్చున్నాను. ముందు ఆవిడ ఫొటోలు తీసిపెట్టాను. పేర్లూ నంబర్లూ తీసిపెట్టాను. మెసేజీలు, అలారాలు, తను రాసుకున్న సరుకుల చీటీలు, పోయిన వాళ్ళ నాన్న ఫొటో ఒకటి మసకది ఉంటే అది కూడా రెండు చోట్ల దాచాను. ఒక్క ముక్క పోకూడదని అంత జాగ్రత్తగా చేశాను. ఎవరైనా చూస్తే మెచ్చుకుంటారు.

కేబుల్ పెట్టి ఆజ్ఞ ఇచ్చాను. తెర నల్లగా అయి అక్షరాలు వచ్చాయి. తాళం తీస్తే ఈ ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, తిరిగి రాదు. సరేనంటే వాల్యూమ్ పెంచే మీట, వద్దంటే పవర్ మీట. ఆ అక్షరాలు నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చూసి ఉంటానో. ఎప్పుడూ చదవను, నొక్కేస్తాను. ఈ రోజు చదివాను.

గ్లాసాయన అద్దం మీద వేడి గాలి పెడుతూ నా వంక చూశాడు. మళ్ళీ తన అద్దం వైపు తిరిగాడు.

వాల్యూమ్ మీట నొక్కాను.

వేలు దానంతట అది వెళ్ళింది. అలవాటు. వేలికి అలవాటైన పని మనిషి ఆపలేడు.

ఆ తరవాత ఫోన్ నా పాపానికి ఫలితం చూపించింది. నా దగ్గరున్న రూట్ ఫైలు అప్‌డేట్‌కి ముందుది. అది ఎక్కించేసరికి కంపెనీ బొమ్మ దగ్గర ఆగిపోయింది. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ అదే బొమ్మ. చెమటలు పట్టాయి. మధ్యాహ్నం తినలేదు. చివరికి ఈ కొత్త అప్‌డేట్ పూర్తి ఫైలు సంపాదించి, అందులోంచి సరిపోయే ముక్క తీసి, దాన్ని మార్చి మళ్ళీ ఎక్కించాను. లేచింది. రూట్ వచ్చింది. రికార్డింగ్ యాప్ వేసి గ్లాసాయనకి ఫోన్ చేసి చూశాను. రెండు పక్కలా మాటలు శుభ్రంగా పడ్డాయి. ఈ వరుసలో ఈ అప్‌డేట్ మీద రూట్ చేసింది నేనొక్కణ్ణే.

గర్వంగానే ఉంది. ఎందుకుండకూడదు?

జూన్ 15, ఆదివారం

ఫోన్ చేతిలో పెట్టాను. చూడు, కొత్తదానిలా ఉంది అన్నాను. ఫొటోలు చూపించాను, వాళ్ళ నాన్నది ముందు చూపించాను. తను అవేవీ చూడలేదు. తిన్నగా ఆ యాప్ తెరిచింది. ఖాళీ. కిందికి లాగింది, పైకి లాగింది. ఖాళీ.

పోవన్నారు కదా అంది. ఆ మాట అరవలేదు, ఏడవలేదు, మామూలుగా అంది.

అప్‌డేట్ వల్ల పోయినట్టున్నాయి, నేను తెరిచేసరికే లేవు అన్నాను. నెట్‌వర్క్ వాళ్ళని నాలుగు తిట్టాను. ఆవిడ నా నోటి వంకే చూస్తూ అంతా విని, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

అంత దుఃఖమా?

జూన్ 17, మంగళవారం

డిపోలో గొడవట. కిందటి వారాల్లో ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లు, మారిన ధరలు తను ఇంకా ఎక్కించలేదట. విని, సరిచూసుకుని ఎక్కిస్తుందట. ఇప్పుడు కొట్లవాళ్ళు మా సరుకేదని అడుగుతుంటే చెప్పడానికి లేదు. యజమాని పిలిచి, ఫోన్ ఎత్తినప్పుడే రాసుకోకుండా ఇన్నాళ్ళూ ఏం చేశావని అందరి ముందూ అడిగాడట. ఇది ఇంకోసారి జరిగితే సీటు ఖాళీ చెయ్యమన్నాడట.

నేనూ అదే అడిగాను. ఫోన్ ఎత్తినప్పుడే రాసుకుంటే పోయేది కదా అని. ఆవిడ ముక్కు కొస ఎర్రబడింది.

మానేస్తానండీ అంది. ఆ సీటు కోసం తను రెండు పరీక్షలు రాసింది. పిల్లలు లేరని అందరూ తలో మాటా అంటుంటే పొద్దున లేచి ఆ సీటుకి వెళ్ళడమే తనని నిలబెట్టింది, ఆ సంగతి నాకు తెలుసు. మానేస్తానంటోంది.

ఆయన గొంతు లేకపోతే ఉద్యోగమే వద్దా? అక్కడిదాకా వచ్చిందా?

జూన్ 18, బుధవారం

అన్నం సయించలేదు. ఇద్దరికీ.

జూన్ 19, గురువారం

గోడౌన్‌కి వెళ్ళాను.

ఆయనతో తేల్చుకుందామనే వెళ్ళాను. రేకుల కప్పు, అటూ ఇటూ అలమరలు, సరుకు దించేవాళ్ళు నలుగురైదుగురు, డిపో వ్యాను డ్రైవరు కూడా ఉన్నాడు. ఈయన చివర బల్ల దగ్గర అట్టపెట్టెల మీద నంబర్లు వేస్తున్నాడు. నేనెవరో చెప్పాను. లేచి కుర్చీ వేశాడు. నాకు కుర్చీ అక్కర్లేదు అన్నాను. మా ఆవిడతో మీకు దాచుకునే మాటలేమున్నాయి అన్నాను. మన మధ్యే ఉంటుందన్న మాట నా చెవులతో నేను విన్నాను అన్నాను. సరుకు దించేవాళ్ళు పని ఆపారు.

ఆయన మొహం ఎర్రబడలేదు, తెల్లబడలేదు. మెల్లగా మాట్లాడండి అని చేత్తో సైగ చేశాడు. బయటికి వెళ్దాం రండి అన్నాడు. నేను కదల్లేదు. కదిలితే బాగుండేది. తప్పనిసరై నా దగ్గరకొచ్చి, ఆ మెత్తని గొంతు ఇంకా తగ్గించి చెప్పాడు.

"ఆవిడకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది కూడా తగ్గుతోంది. ఫోన్లో సగం మాటలే అందుతాయి. అందుకే రికార్డు చేసుకుని ఇంటి దగ్గర నెమ్మదిగా వినమని నేనే చెప్పాను. మీకు తెలుసనుకున్నాను."

అప్పుడు నేను, "చెవుడా? మా ఆవిడకి చెవుడా?" అన్నాను.

అన్నాను అని రాస్తున్నాను గానీ, నేను అన్నదేమిటో ఆ రేకుల కప్పుకి తెలుసు. అటు చివర నుంచి ఇటు చివరిదాకా మోగింది. డ్రైవరు వ్యానులోంచి తల బయట పెట్టాడు. సరుకు దించేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. స్టోర్స్‌గారు కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని నెలలు ఆయన ఆ మాట తన నోట్లో దాచుకున్నాడు. నేను వచ్చి ఒక్క గుక్కలో డిపో మొత్తానికి చెప్పి పోయాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఆ పెద్దమనిషితనం ఇంకా కాల్చింది. రెండు పీకినా బాగుండేది.

తిరిగి వచ్చేదారిలో ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. పాలు పొంగడం. పెరట్లో పిలిస్తే పలకకపోవడం. ఏ పక్క నడిచినా, ఎడమ చెవి నా వైపు ఉండేలా, తను నాకు కుడివైపుకే మారడం. మొహం వంక చూడటం, అది అబద్ధం పట్టుకోవడానికి కాదు. నా కాల్స్ ఒక్కటీ ఎందుకు దాచుకోలేదో కూడా తెలిసింది. నా మాట రెండోసారి వినవలసిన పని ఎవరికీ ఉండదు. నేను అరుస్తాను గనక తనకి వినపడింది, తనకి వినపడింది గనక నాకు తెలియలేదు.

ఇదంతా అర్థమైంది. అయినా ఒకటి లోపల కాలుతూనే ఉంది. ఆయనకి చెప్పింది. నాకు చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

నిన్న సాయంత్రానికే ఆ మాట డిపో అంతా పాకిందట. యజమాని పిలిచి, దాచిపెట్టి ఆర్డర్ల సీట్లో కూర్చోవడం తప్పు కాదా అన్నాడట. ఇంటికి పంపించేద్దామనే అనుకున్నాడట. స్టోర్స్‌గారు వెళ్ళి మాట్లాడాడట. ఇక మీదట మా ఆవిడ ఫోన్ల దగ్గర ఉండదు. గోడౌన్లో, స్టోర్స్‌గారి బల్ల ఎదురుగా ఇంకో బల్ల వేస్తారు. అక్కడ అన్నీ కాగితం మీదే వస్తాయి. జీతం తగ్గుతుంది, ఆర్డర్ల సీటు పోయింది.

ఇది నేను చేసిన పని. రోజుకొక ఫోన్ కాల్‌గా ఉన్నవాణ్ణి నేనే తీసుకెళ్ళి పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టాను. నా అంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. దగ్గరగా వెళ్ళి, ఎడమ వైపు నుంచి, మామూలుగా అడిగాను. మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టింది. తరవాత ఇలా అంది.

"చెబుదామనుకున్నాను. మీరు ఎవరికీ చెప్పరు, అది నాకు తెలుసు. కానీ మీరడిగే మొదటి ప్రశ్నకే వీధంతా విని ఉండేది. ఆయన అడిగితే నాకు తప్ప ఎవరికీ వినపడదు."

కాదని ఎలా అంటాను? నిన్నటి గోడౌన్ ఉంది కదా మధ్యలో.

ఆయన గొంతంటే నీకిష్టమా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు లేదు నాకు. అడగలేదు గానీ, వచ్చింది.

జూన్ 21, శనివారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. స్టోర్స్‌గారు ఎవరినో చెప్పారు, వచ్చే వారం అక్కడికి వెళ్తాను అంది. నేను తీసుకెళ్తాను అన్నాను. సరేనంది. ఎక్కడికో ఆయనే చెప్పాడు, తీసుకెళ్ళేది మాత్రం నేను.

జూన్ 22, ఆదివారం

డ్రైవరు అన్నయ్యదీ ఇదే ఫోన్. ఆయనా ఆ యాప్ వాడతాడట, ఇంటి గొడవలేవో రికార్డు చేసుకుంటాడట. నిన్న యాప్ కొత్త వెర్షన్ వచ్చిందట. వేసుకోగానే పాతవన్నీ తెరుచుకున్నాయట. అప్‌డేట్ వల్ల పాతవేమీ పోలేదమ్మా, నీవెలా పోయాయి అని అడిగాడట.

మా ఆవిడ ఇదంతా చెప్పి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు. ఆర్డర్ సరిచూసుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"పోతాయని మీకు ముందే తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. ఈ డైరీలోనే ఎన్ని చోట్ల తెలియనట్టు రాసుకున్నానో. వేలు దానంతట అది వెళ్ళిందని రాశాను. దారి ఏదో ఉంటుందని రాశాను. నాకు నేను చెప్పుకున్న అబద్ధాలు చాలక ఇంకొకటి చెబితే ఎవరికి తెలుస్తుంది? గ్లాసాయన నోరు విప్పడు. ఏ ఆడదీ ఈ తప్పు క్షమించదని కూడా అనుకున్నాను. గోడౌన్లో అరిచింది తెలియక. ఇది తెలిసి చేసింది. ఇది చెబితే రేపు ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తను ఎవరిని చూసి మనిషంటే ఇలా ఉండాలి అనుకుంటుందో నాకు తెలుసు.

కిటికీ వైపు తిరిగి, తెలుసు అన్నాను. అంత మెల్లగా మాట్లాడటం నాకు వచ్చని నాకే తెలియదు.

"వినపడలేదు. ఇటు తిరిగి చెప్పండి" అంది.

తిరిగాను. తల ఊపితే సరిపోయేది. తను నా నోటి వంకే చూస్తోంది. కిటికీ తెరిచే ఉంది, పక్కింటావిడ గోడ అవతల గిన్నెలు తోముతోంది, మేడ మీద వాళ్ళు మెట్లు దిగుతున్నారు.

"తెలుసు. ముందే తెలుసు. కావాలనే చేశాను" అన్నాను. నా గొంతుతోనే అన్నాను.

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు ఆగాయి.

మా ఆవిడ నా మొహం మీద నుంచి చూపు తియ్యలేదు. లేచి, కుర్చీ తీసిన చోటే పెట్టింది.

"ఇప్పుడు వినపడింది" అంది.